సగం పేజీల ఊరు

పోయిన నెల గాజువాకలో జెరాక్స్ తీయించుకుంటుంటే, వంకరగా వచ్చిన ఒక కాగితాన్ని షాపులో అమ్మాయి ఉండచుట్టి బుట్టలో పడేసింది. అందరూ చేసే పనే. కానీ నా చేయి దానంతటదే బుట్టలోకి వెళ్ళి ఆ ఉండను తీసింది. కాగితం సాపు చేసి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మళ్ళీ నిలువుగా ఒకసారి చించాను. ఎనిమిది ముక్కలు.

అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఏటంకుల్, అందులో మీ బ్యాంకు నంబరేటైనా ఉందేటి?"

"ఏమీ లేదమ్మా."

"మరెందుకంత కసి?"

కసి కాదు. అలా చించే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. నా వేళ్ళకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడా అచ్చులో కనిపించకూడదనేది ఆయన పట్టుదల. "నాను అక్షరాలు పేర్సీవోణ్ణి. వడ్రంగి మంచం మీద పేరు సెక్కుకుంటాడేటి?" అనేవాడు.

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద, టైర్ల కొట్టుకీ టిఫిన్ సెంటరుకీ మధ్య ఆయన డి.టి.పి. షాపు. ఒక మంచం వేస్తే ఇంకేమీ పట్టనంత గది. గాలి ఒకవైపు నుంచి వీస్తే రిఫైనరీ వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే సన్నటి నల్ల దుమ్ము. అందుకని కంప్యూటర్లకీ ప్రింటరుకీ పాత చీరల ముక్కలు కప్పి ఉంచేవాడు. షాపు తెరవగానే ఒక్కో ముసుగూ తీసి, బయటికెళ్ళి దులిపి, మడతపెట్టేవాడు. తరువాతే దేవుడి పటానికి అగరొత్తి.

ఆ దారిన పోయే ప్రతివాడూ ఆయనకు బావే. టైర్ల కొట్టు యజమాని బావ, టీ పోసేవాడు బావ, ఆటోవాడు బావ, కరెంటు బిల్లు ఇచ్చే కుర్రాడు బావ. నన్ను మాత్రం ‘లైబ్రరీ’ అనేవాడు. దానికి కారణం మేము కలుసుకున్న మొదటి రోజే.

నేను ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద పనిచేస్తాను. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. శాఖా గ్రంథాలయంలో బీరువా తరువాత బీరువాగా చదువుకుంటూ వచ్చినవాణ్ణి. ఒక రోజు మా మేస్త్రి తండ్రి పెద్దకర్మ కార్డు చేతికొచ్చింది. దాని మీద షాపు పేరు చూసుకుని నేరుగా వెళ్ళాను.

"ఈ కార్డు మీరు కొట్టిందేనా?"

"నాను కొట్టిందే. ఏటయ్యింది?"

"శ్రద్ధాంజలిలో ద కింద ధ వత్తుండాలి. మీరు ద వత్తు పెట్టారు."

ఆయన కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎవులు సెప్పినారు?"

"లైబ్రరీలో నిఘంటువుంది. చూసే వచ్చాను."

"పని మానుకుని సూసినావా, పనయ్యాక సూసినావా?"

"అన్నం టైములో."

పార్టీకి ఇవ్వాల్సిన మిగతా కార్డుల కట్ట బల్ల కింద ఉంది. ఆయన దాన్ని తీసి, నాలుగేసి కార్డుల చొప్పున నిలువుగా, అడ్డంగా, నిలువుగా చించడం మొదలుపెట్టాడు. చివరి కార్డు దాకా చించి చేతులు దులుపుకున్నాడు. "పెళ్ళి కార్డులో తప్పొస్తే నవ్వుకుంటారు. సావు కార్డులో తప్పొస్తే ఆ సచ్చినోడు మళ్ళీ వచ్చి దిద్దుకోనేడు కదా. టీ తాగుతావేటి, లైబ్రరీ?"

అలా ఆయనకు ప్రూఫులు దిద్దేవాణ్ణయ్యాను. అక్కర్లేని అక్షరం మీద ఏటవాలుగా ఒక గీత కొట్టాలని, పక్కన మార్జిన్‌లో గుర్తు పెట్టాలని ఆయనే నేర్పాడు. నా గీతలు చూసి, "కోపంగా కొడతన్నావు. నెమ్మదిగా కొట్టు, అది కూడా ఒకప్పుడు అక్షరమే కదా" అనేవాడు.

షాపులో రెండు కంప్యూటర్లుండేవి. కాస్త కొత్తదాంట్లో పేజీలు కట్టేవాడు. దాని వెనక, ప్రింటరు తగిలించే చోట, అగ్గిపెట్టె అంత ముక్క ఒకటి బిగించి ఉండేది. దాన్ని ‘లాక్’ అనేవాళ్ళు. అదుంటేనే ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు తెరమీదకొస్తాయి. దాని మీదే ప్రింటరు కూడా తగిలిస్తే ఒకటి పనిచేస్తే ఇంకొకటి మొరాయించేది. అందుకని లేజర్ ప్రింటరును రెండో కంప్యూటరుకు తగిలించాడు. ఎక్కడో మూసేసిన ప్రెస్సు నుంచి ప్రింటరుతో పాటు తెచ్చుకున్న పాత పెట్టె అది. పసుపురంగుకు తిరిగిపోయింది. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప దానికి ఇంకేమీ రావు. తెలుగు అసలే రాదు.

అయినా తెలుగు పేజీలన్నీ దాంట్లోంచే వచ్చేవి. కొత్తదాంట్లో పేజీ కట్టాక, దాన్ని కాగితం మీదికి కాకుండా ఒక ఫైలులోకి ప్రింటు చేసేవాడు. ఎక్కడ నల్లచుక్క పెట్టాలో, ఎక్కడ తెలుపు వదలాలో ప్రింటరుకు చెప్పే ఆజ్ఞలన్నీ ఆ ఫైలులో ఉంటాయి. దాన్ని ఫ్లాపీలో ఎక్కించి, రెండడుగుల దూరంలో ఉన్న పాత పెట్టెలో పెట్టి, ఉన్నదున్నట్టు ప్రింటరులోకి తోసేవాడు. పాత పెట్టెకు అర్థం కావలసిన పని లేదు, మోసుకుపోయి అవతల పడేస్తే చాలు. "మన పోర్టు కలాసీలాగన్నమాట. మూటలో ఏటుందో ఆడికెందుకు?" అనేవాడు.

ఒకసారి ఆ ఫైలు తెరిచి చూపించాడు. తెరనిండా నవ్వుముఖాలు, పేకముక్కల గుర్తులు, గ్రీకు అక్షరాలు, అడ్డగీతలు, నిలువుగీతలు.

"ఏటి లైబ్రరీ, సదవగలవేటి?"

"ఇదేం భాష?"

"ఇదే మా ఊరు. పన్నెండో పేజీ."

ప్రింటు కొట్టడానికి ఆయన పాత పెట్టె ముందు కూర్చుని ఇంగ్లీషులో P అని కొట్టి, పేజీ నంబరు కొట్టి, చిటికెనవేలితో ఎంటర్ నొక్కేవాడు. అంతే. అసలు ఆజ్ఞ పెద్దదని, ప్రతిసారీ కొట్టలేక దాన్ని P అనే పేరుతో ఆ పెట్టెలో దాచుకున్నానని ఒకసారి చెప్పాడు. ఆ P లోపల ఏముందో నేనెప్పుడూ అడగలేదు. ఎంటర్ నొక్కగానే ఆయన కుర్చీ తిప్పుకుని ప్రింటరుకు వీపు పెట్టి కూర్చునేవాడు. కాగితం రావడం ఎవరైనా వంగి చూస్తే ఊరుకునేవాడు కాదు. "అన్నం తింతన్నోడి నోట్లోకి సూత్తావేటి బావా? ఇటు తిరుగు."

ఆయన ‘మా ఊరు’ అన్నది వేళాకోళానికి కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో వాళ్ళది ఒకటి. జనమంతా గాజువాక అవతల కాలనీలో ప్లాట్లకు చేరారు. ఆయన ఆ ఊరి పొలాల పేర్లన్నీ ఒక పుస్తకంగా కడుతున్నాడు. ఏ కుటుంబానికి ఏ చేను ఉండేది, దాన్ని ఏమని పిలిచేవారు, ఎందుకలా పిలిచేవారు. పెళ్ళి కార్డులకీ కర్మ కార్డులకీ మధ్య దొరికిన తీరికంతా దానికే.

"సర్వే నంబర్లు ఆఫీసులో ఉన్నాయి. నంబరు ఎక్కడికీ పోదు" అనేవాడు. "పేరు ఏ ఆఫీసులో ఉన్నాది సెప్పు? పిలిసీవోడు పోతే పేరూ పోద్ది."

ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ నేనెప్పుడూ చూడని ఆ ఊళ్ళో నడవడం నేర్చుకున్నాను. కొత్తల్లుడి మడి: పెళ్ళయిన ఏడాదే అల్లుడు ఎడ్లతో సహా బురదలో దిగబడిపోయిన మడి. ఏడుపుగట్టు: అన్నదమ్ములు వాటాలు పంచుకుంటున్న రోజున తల్లి కూర్చుని ఏడ్చిన గట్టు. దొండపాదు మెట్ట. గెడ్డవార పల్లం. పాములగరువు. మా వైపు వాగును గెడ్డంటారు, మెట్టచేనును గరువంటారు. ఆ గరువులో కుబుసాలు ఎక్కువ దొరికేవట.

ఆదివారాలు కాలనీకి వెళ్ళి, ప్రింటు తీసిన పేజీని ఆ పేజీలో ఉన్న కుటుంబాల వాళ్ళందరినీ కూర్చోబెట్టి పైకి చదివేవాడు. చాలాసార్లు నేనూ వెళ్ళాను. చదవడం ఐదు నిమిషాలు, తగవులు మధ్యాహ్నం దాకా.

"పిల్లిమడి కాదెహె, పిల్లలమడి."

"నీకేటి తెల్సు? నువ్వు పుట్టీసరికే ఆ మడి పోనాది."

"మా అయ్య సెప్పినాడు."

"మీ అయ్య తాగి ఏటైనా సెప్తాడు. అందులో పిల్లి ఈనింది, నా కళ్ళతో నాను సూసినాను."

ఆయన ఎవరినీ తొందరపెట్టేవాడు కాదు. అందరూ ఒక మాట మీదకు వచ్చేదాకా వినేవాడు. వచ్చాక షాపుకెళ్ళి దిద్ది, ఫైలు మళ్ళీ కట్టి, వచ్చే ఆదివారం మళ్ళీ చదివేవాడు. ఎవరూ తగువు పెట్టుకోని రోజున ఆ పేజీ అయిపోయినట్టు. అప్పుడు పాత ప్రూఫులు, చదివిన ప్రింటు, పెన్సిలుతో రాసుకున్న నోటుపుస్తకంలో ఆ పేజీకి సంబంధించిన కాగితాలు, అన్నీ కలిపి ఎనిమిదేసి ముక్కలు.

నాకు ప్రాణం ఉసూరుమనేది. "ఒక ప్రతైనా దాచండి గురువుగారూ. లైబ్రరీలో మంచి పుస్తకానికి రెండు ప్రతులుంచుతారు."

"రెండుంటే రెండు మాటలౌతాయి, లైబ్రరీ. రేపు నానూ నువ్వూ పోయాక పిల్లిమడా పిల్లలమడా అని కొట్టుకు సత్తారు. ఒక్కటే ఉండాల. అది అచ్చుదే అవ్వాల."

"ఈలోగా ఏమైనా అయితే?"

"ఫ్లాపీల్లో ఉన్నాది కదేటి?"

నిజమే. ఒక్కో ఫ్లాపీలో మూడు పేజీల చొప్పున నలభై ఫ్లాపీలు, బిస్కెట్ డబ్బాలో, పైన చీర ముక్క కప్పుకుని ఉండేవి. మొత్తం ఊరు అక్కడే, ఇంకెక్కడా లేదు.

ఒక వేసవిలో, మధ్యాహ్నం పూట ఉరుములతో వాన పడింది. కరెంటు పోయి వచ్చింది. వచ్చాక కొత్త కంప్యూటరు లేచింది గానీ లాక్ లేవలేదు. మాడిన వాసన వేసింది. లాక్ లేకుండా ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే పేజీలు దిద్దడానికి లేదు. అమ్మిన కంపెనీకి ఉత్తరాలు రాశాడు. రెండు తిరిగొచ్చాయి, మూడోదానికి జవాబే లేదు. షాపు పనికి వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాడు, దానికి ఈ పేజీలు అర్థం కాలేదు. ఇక పుస్తకానికి మిగిలింది ఆ ప్రింటు ఫైళ్ళే. వాటిని కొట్టుకోవచ్చు గానీ లోపల ఒక్క వత్తు మార్చడానికి లేదు.

సరిగ్గా అప్పుడే ఆయనకు నేను వదిలేసిన తప్పు ఒకటి దొరికింది. ఒకచోట పాములగరువు బదులు ‘పాముల గురువు’ అని ఉంది. నేను తలెత్తలేకపోయాను. ఆయన మాత్రం వారం రోజులు నవ్వాడు. టీ కొట్టువాణ్ణి పిలిచి మరీ చెప్పాడు. "బావా, మన లైబ్రరీ దయవల్ల మా ఊళ్ళో పాములకి ట్యూషన్ సెప్పీవోడు ఎలిసినాడు." తరువాత నాతో నెమ్మదిగా, "బెంగెట్టుకోకు. బటర్ పేపరు మీద బ్లేడుతో కొమ్ము గోకీసి గ చేసీవచ్చు" అన్నాడు.

బటర్ పేపరంటే వెలుతురు దూరే పల్చటి కాగితం. దాని మీద తీసిన ప్రింటు నుంచే ప్రెస్సువాళ్ళు ప్లేటు చేసుకుంటారు. పుస్తకం మొత్తం ఒక్క రోజున, ఒక్క టోనరుతో తీయాలని ఆయన లెక్క. లేకపోతే ఒక పేజీ నల్లగా, ఇంకో పేజీ బూడిదగా వస్తుందట. పైగా వానల్లో తీస్తే బటర్ పేపరు తేమకు చుట్టుకుపోతుంది. రెండేళ్ళు లాక్ కోసం ఎదురుచూసి, ఇక రాదని తేలాక ఒక రోజు బల్ల మీద అరచేత్తో చరిచాడు. "ఉన్నది ఉన్నట్టు కొట్టీద్దాం. ఈ వానలెల్లనీ."

వానలు వెళ్ళకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి.

ఆసుపత్రి వరండాలో వాళ్ళావిడ నన్ను పట్టుకుంది. నేను వదినమ్మా అనేవాణ్ణి. బక్కపలచని మనిషి, భర్త పని గురించి ఎన్నడూ ఒక్క మాట మాట్లాడి ఎరగదు. "డాక్టరు ఆశ ఎట్టుకోవద్దన్నారు బాబూ. ఆ పుస్తకం ఏటుందో, అది ఒక్కసారి ఆయన సేతిలో ఎట్టగలవేటి? అచ్చవ్వక్కర్నేదు. కాయితాలైనా సరే. నీకు సేతనౌతాది కదా?"

"అవుతుంది వదినమ్మా" అన్నాను. నిజంగానే అనుకున్నాను.

మర్నాడు పని మానేసి షాపు తెరిచాను. పాత పెట్టె స్విచ్ వేస్తే లోపలి డిస్కు కాసేపు గరగరలాడి ఆగిపోయింది. దానితోపాటే ఆయన P కూడా పోయింది. నేను కంగారుపడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, లోలోపల సంతోషించాను. ఆ కంప్యూటరును ఎలా నడపాలో చెప్పే పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి, మొదటి అధ్యాయాలు నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని ఉన్నాను. ఫ్లాపీతో దాన్ని లేపడం తెలుసు. COPY అని కొట్టి, ఫైలు పేరు, తరువాత ప్రింటరు పేరు కొడితే చాలని తెలుసు. అలాగే కొట్టాను. ఎంటర్ నొక్కి, ఆయనలాగే కుర్చీ తిప్పుకుని వీపు పెట్టి కూర్చున్నాను.

ఎంతకీ కాగితం రాలేదు. చూస్తే ప్రింటరు మీద దీపం ఆరుతూ వెలుగుతోంది. మీట నొక్కితే అప్పుడు బయటికొచ్చింది. పైన ఊరి పేరు, మొదటి ఇల్లు, దాని మూడు చేలు, తరువాత ‘దొండ’ అని సగం. ఆ కింద తెలుపు.

రెండో పేజీ మూడు వంతుల దగ్గర ఆగింది. మూడోది శీర్షిక దాటలేదు. ఫ్లాపీ తీసి తుడిచి పెట్టాను. ప్రింటరు ఆపి వేశాను. మళ్ళీ కొట్టినా ఏ పేజీ ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. రెండు రోజులు కూర్చుని నూట పద్దెనిమిది పేజీలూ తీశాను, ఒక్కటీ చివరిదాకా రాలేదు. పాముల గురువు మాత్రం పై సగంలో ఉండి బతికిపోయాడు.

సముద్రపు గాలికి ఫ్లాపీలకు బూజు పట్టి ఉంటుందని తేల్చుకున్నాను. అలా పడుతుందని చదివాను కూడా.

ఆ సగం పేజీలే పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వదినమ్మ ఆయన్ని దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. ఎడమచేతికి మొదటి పేజీ ఇచ్చాను. చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూశాడు.

"ఫైళ్ళు పాడైపోయాయి గురువుగారూ. సగం సగమే ఉన్నాయి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతి చూపుడువేలు కాగితం తెల్లగా ఉన్నచోట పెట్టి, పై నుంచి కిందికి ఏటవాలుగా ఒక గీత గీశాడు. పెదాలు రెండూ కష్టం మీద కలిపి, "బ్... బ్..." అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ రోడ్డు మీద ప్రతివాడినీ పిలిచిన పిలుపు, నన్ను మాత్రం ఎన్నడూ పిలవనిది, ఇప్పుడు పిలుస్తున్నాడనుకున్నాను. "ఇక్కడే ఉన్నాను బావా, ఇక్కడే ఉన్నాను" అంటూ ఆయన చేతిని రెండు చేతులా పట్టుకున్నాను.

గీత గీస్తున్న చేయి అదే. ఆయన దాన్ని బలంగా లాక్కున్నాడు. మళ్ళీ అదే గీత. మళ్ళీ "బ్..."

"ఏటంతన్నారు బాబూ?" అంది వదినమ్మ.

"కొట్టేయమంటున్నారు వదినమ్మా. ప్రూఫులో అక్కర్లేని అక్షరాన్ని అలాగే కొడతాం." ఆయన వైపు తిరిగి, "ఇవి వద్దంటున్నారా? చించేయమంటారా?" అని అడిగాను.

ఆయన నన్ను అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపును అప్పుడు దుఃఖమనుకున్నాను. తరువాత ఒక పేజీ పళ్ళతో పట్టుకుని ఎడమచేత్తో చించబోయాడు. వదినమ్మ గబుక్కున లాక్కుంది. "వద్దు, ఉండనీయండి. ఇయ్యైనా ఉండనీయండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఏదీ చెప్పడానికి ప్రయత్నించలేదు. మూడో రోజు పొద్దున్నే పోయాడు.

షాపు ఖాళీ చేసేటప్పుడు, "ఈ డబ్బా ఏటి సెయ్యమంటావ్ బాబూ?" అని వదినమ్మ అడిగింది. చెడిపోయిన ఫైళ్ళని చెప్పింది నేనే. కంప్యూటరు నేర్పే ఇన్‌స్టిట్యూటుకు నలభై ఫ్లాపీలూ నా చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చాను. పిల్లల ప్రాక్టీసుకు పనికొస్తాయని వాళ్ళు సంతోషించారు. ఉన్నదంతా చెరిపి ఫార్మాట్ చేసుకుంటే కొత్తవాటిలాగే ఉంటాయన్నారు. బూజు పట్టిన ఫ్లాపీలు కొత్తవాటిలా ఎలా ఉంటాయని నాకు తట్టనే లేదు.

నాలుగేళ్ళ తరువాత, మా వర్క్‌షాపు బిల్లు పుస్తకాల కోసం ఆటోనగర్‌లోనే ఒక ప్రెస్సుకు వెళ్ళాను. అక్కడి ఆపరేటరు పాతకాలం మనిషి. మాటల్లో ఫ్లాపీల సంగతి వచ్చింది, సగంలో ఆగిపోయిన పేజీల సంగతి చెప్పాను.

"ఎలగ కొట్టినావు?" అన్నాడు.

"కాపీ, ఫైలు పేరు, ప్రింటరు పేరు."

"స్లాష్ బి ఎట్టనేదేటి?"

"అంటే?"

"ఓర్నాయనో! కాపీ స్లాష్ బి అని కొట్టాలి బావా. నేపోతే సగంలో ఆగిపోద్ది. కొత్తలో మేమందరం దెబ్బతిన్నోలమే." సిరా అంటిన వేలితో గాలిలో ఏటవాలుగా ఒక గీత గీసి, పక్కన B రాశాడు.

అదే గీత.

అక్కడి నుంచి లైబ్రరీకి వెళ్ళాను. ఆ పుస్తకం అదే బీరువాలో ఉంది. నేను ఎత్తి రాసుకున్న పేజీ పక్కన నా పెన్సిలు టిక్కు ఉంది. దాని వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది సంగతి. స్లాష్ బి లేకపోతే ఆ ఆజ్ఞ ప్రతి ఫైలునూ మామూలు రాతే అనుకుంటుంది. ఒక ప్రత్యేకమైన గుర్తు కనబడగానే, రాత ఇక్కడితో అయిపోయిందని ఆగిపోతుంది. చుక్కలతో నిండిన ఫైలులో ఆ గుర్తు ఎక్కడైనా తగలవచ్చు, అది ముగింపు కాదు. స్లాష్ బి పెడితే ఎక్కడా ఆగకుండా చివరిదాకా పంపుతుంది. ఫైళ్ళు బాగానే ఉన్నాయి. బూజు లేదు. ఆయన పిలిచింది నన్ను కాదు.

వదినమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. అంతా విని, ఒలవడం ఆపింది.

"అయితే ఆ ఫైళ్ళు సెడిపోనేదా?"

"లేదు."

"ఆయనకి తెల్సా?"

"తెలుసు. అదే చెప్పబోయాడు. నాకు అర్థం కాలేదు."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "బెంగతో పోనారనుకున్నాను ఇన్నాళ్ళూ. కోపంతో పోనారన్నమాట." లేచి లోపలికెళ్ళి, పాత చీర ముక్కలో కట్టిన ఆ సగం పేజీల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "ఇయ్యి నువ్వే ఉంచుకో. నింపగలవేమో సూడు."

అప్పటి నుంచి ఆదివారాలు కాలనీకి వెళ్తున్నాను. పిల్లిమడి గురించి కొట్టుకున్న ఇద్దరూ పోయారు. వాళ్ళ పిల్లలకు ప్లాటు నంబరు తెలుసు, చేను పేరు తెలియదు. "అయన్నీ పుస్తకంలో ఉన్నాయంట కదా అంకుల్?" అని నన్నే అడుగుతారు. రెండేళ్ళలో నాకు దొరికినవి ఏడు పేర్లు. అందులో మూడింటి మీద తగువుంది, తీర్చేవాళ్ళు లేరు.

ఆయనకు పేర్లు చెప్పినవాళ్ళలో మిగిలింది ఆయన పెద్దమ్మ వరస ముసలామె ఒక్కతే. మొన్న ఆదివారం వెళ్ళాను. చూపు ఆనదు, చెవులు బాగానే ఉన్నాయి. కాగితాల చప్పుడు విని ముఖం ఇటు తిప్పింది.

"పుస్తకం తెచ్చినావా నాయనా? మా సేను సదువు. ఇని సాన్నాళ్ళయినాది."

ఆమె కుటుంబం పేజీ తీశాను. ఇంటిపేరు ఉంది, ఆమె మామగారి పేరు ఉంది. ఆ కింద ఏమీ లేదు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని, ఎక్కడో చదివిన అందమైన మాట ఒకటి గుర్తు తెచ్చుకుని, "ముత్యాలమడి" అని చదివాను.

ముసలామె నవ్వింది. "అలాటి పేరు మా ఊళ్ళో నేదు నాయనా. అది సినిమా పేరులాగుంది. సరిగ్గా సూసి సదువు."

నేను కాగితం దించాను. "ఇక్కడ సరిగా పడలేదమ్మా. మీరే చెప్పండి, ఇప్పుడే రాసుకుంటాను" అని పెన్ను తీశాను.

ఆమె నోరు తెరిచింది. పెదాలు ఏదో మాట కోసం కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. మోకాలి మీద వేళ్ళతో ఏదో గట్టు కొలుస్తున్నట్టు అటూ ఇటూ నడిపింది. నేను పెన్ను ఎత్తి పట్టుకునే ఉన్నాను.

"ఆడికి సెప్పీసినాను కదా నాయనా" అంది చివరికి. "పుస్తకంలో ఎక్కీసింది, ఇంక పరవానేదని... నాను మర్సిపోనాను."